కూటమి యిచ్చిన కుర్చీ

మధుర, కోయంబత్తూరు సీమల తెలుగిండ్లనుండి వచ్చిన నాయకుల ప్రతిపక్ష రాజనీతిపై ఒక విమర్శ

మధురనుండి దక్షిణాభిముఖముగా బయలుదేరి తిరుమంగలము, విరుదునగరము, సాత్తూరు దాటి కోవిల్పట్టికి చేరు రహదారికి ఇరుప్రక్కల పరచుకొనియున్న నల్లరేగడి సీమలో, తలుపు లోపల తెలుగును తలుపు వెలుపల తమిళమును మాటలాడు కుటుంబములు కొన్ని శతాబ్దములుగా కాపురముండుచున్నవి. విజయనగర సామ్రాజ్యకాలమునందును, 1529 ప్రాంతమున విశ్వనాథ నాయకుడు మధురలో రాజ్యము నెలకొల్పిన పిమ్మటను, సైనికులై, పాళెగాండ్రై, కర్షకులై, నేతగాండ్రై ఉత్తరమునుండి తరలివచ్చిన కమ్మవారు, బలిజలు, రాజకంబళ నాయకులు, రెడ్లు, దేవాంగులు మొదలగువారి సంతతియు, తెలుగునే యింటిభాషగా నిలుపుకొన్న అరుంధతీయులును ఈ సీమలోను, పడమట కోయంబత్తూరు మండలములోను విస్తారముగా నున్నారు. వారిలో పెక్కండ్రకు తెలుగు చెవికిని నోటికిని తెలియును గాని కంటికి తెలియదు. పలుకు మిగిలినది, లిపి జారిపోయినది. కోవిల్పట్టి చెంతనున్న ఇడైచేవల్ గ్రామవాసి కి. రాజనారాయణన్ ఆ వలసకథను ‘గోపల్ల గ్రామం’ అను పేర తమిళ నవలగా వ్రాసి, దాని తరువాయి నవలకు 1991లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారమందినాడు. తెలుగువారి కథకు తమిళమున దక్కిన ఆ గౌరవమునకు మనము సంతోషింపవలెనో సిగ్గుపడవలెనో నేటికిని నాకు తేలలేదు.

కాని నేడు చెప్పబూనినది సాహిత్యమును గూర్చి కాదు. 1967 మొదలు అర్ధశతాబ్దికి పైగా తమిళనాట రాజ్యాధికారము డి.ఎం.కె.కు, దానినుండి చీలిన అన్నా డి.ఎం.కె.కు దక్క అన్యులకు దక్కని కాలమున, ఆ రెండు పక్షములకును వెలుపల నిలిచి లక్షలాది జనమును తమ మాట వినునట్లు చేసికొన్న వారిలో ముగ్గురు ఈ తెలుగిండ్లలో పుట్టినవారే: కోయంబత్తూరు చెంత వైయంపాళెమునకు చెందిన రైతు నాయకుడు సి. నారాయణసామి నాయుడు, శంకరన్‌కోవిల్ ప్రాంతపు కలింగపట్టివాడైన వై. గోపాలసామి, అనగా లోకమెరిగిన వైగో, మధురవాడైన సినీనటుడు విజయకాంత్. ముగ్గురును జనమును సంపాదించిరి. ముగ్గురును ఆ జనమును చేజార్చుకొనిరి. వారి పరాజయమునకు శత్రువుల కౌటిల్యమును, ధనబలమును, పత్రికల పక్షపాతమును కారణములుగా చూపుట వారి అనుచరులకు అలవాటు. అవి లేవనను. అయినను, తమ బలము ఎచ్చటనుండి పుట్టినదో తామే మరచిపోవుట వారిని చెరచినంతగా ఏ శత్రువును చెరపలేదని నా తలంపు. ఈ మరపు విజయకాంతునియందు లెక్కలతో సహా కనబడును గనుక అతని కథయే యిచ్చట ప్రధానము.

1952 ఆగస్టు 25న జన్మించిన విజయరాజు తండ్రి అళగర్‌సామి మధురలో బియ్యపుమిల్లు నడిపిన గృహస్థు. కుమారుడు మదరాసు చేరి, విజయకాంత్ అను పేర వెండితెరకెక్కి, 1991లో విడుదలయిన తన నూరవ చిత్రము ‘కెప్టెన్ ప్రభాకరన్’ మూలమున జనుల నోట ‘కెప్టెన్’ అయి, నటీనటుల సంఘమునకు అధ్యక్షుడై, సింగపూరు, మలేసియాలలో ప్రదర్శన లిప్పించి ఆ సంఘపు ఋణభారమును దింపి, చిత్రీకరణ స్థలమున నాయకునకును బరువులు మోయు కూలివానికిని ఒకే భోజనము పెట్టించునను కీర్తి గడించి, 2005 సెప్టెంబరు 14న తన పుట్టినయూరగు మధురలోనే దేశీయ ముర్పోక్కు ద్రావిడ కళగమును, అనగా డి.ఎం.డి.కె.ను, స్థాపించెను. మరుసటి యేట జరిగిన శాసనసభా ఎన్నికలలో ఏ పక్షముతోను పొత్తు కుదుర్చుకొనక రాష్ట్రమంతట అభ్యర్థులను నిలిపెను. గెలిచినవాడు తానొక్కడే, అదియు పి.ఎం.కె.కు కంచుకోటయని పేరుపడిన వృద్ధాచలమునందు. అయితే పక్షమునకు పడిన ఓట్లు 8 శాతమునకు మించినవి. 2009 లోక్‌సభ ఎన్నికలలో మరల ఒంటరిగా నిలువగా ఒక్క స్థానమును రాలేదు గాని ఓట్లు 10 శాతమునకు చేరినవి.

ఈ రెండంకెలను తొందరపడక చూడవలెను. ఒక కులమునందుగాని ఒక మండలమునందుగాని కుదురుకొనియుండక, దేవాలయపు తేరు తిరుగు ప్రతి వీధిలోను కొన్ని యిండ్లుగా చెదరియున్న ఓటు అది. గెలుపు రాదని తెలిసియే వేసిన ఓటు. రెండు పక్షములచేతను విసిగి, మూడవదానికై వెదకుచున్న పదిమందిలో ఒకడు, ఈ నటుని వాగ్ధోరణిలో గ్రామ్యమున్నను, ఇతడు ఆ యిద్దరివాడు కాడని నమ్మి వేసిన ఓటు. ఆ నమ్మకము తప్ప డి.ఎం.డి.కె.కు వేరు మూలధనము లేదు. సిద్ధాంత గ్రంథము లేదు, ద్వితీయశ్రేణి నాయకులు లేరు, పన్రుట్టి రామచంద్రన్ వంటి ఒకరిద్దరు వృద్ధులను మినహాయించిన శాసనసభానుభవము గలవారును లేరు. భార్య ప్రేమలత, బావమరది సుదీశ్ పక్షపు వ్యవహారములను చూచుచుండిరి.

2011లో ఆ మూలధనమును విజయకాంత్ కూటమియను బజారునకు తెచ్చెను. జయలలిత నాయకత్వమున అన్నా డి.ఎం.కె. అతనికి 41 స్థానములిచ్చెను. అదే మార్చి నెలలో ఒక చిత్రము జరిగినది. కూటమిలోని తక్కినవారికి చెప్పకయే అన్నా డి.ఎం.కె. 160 స్థానములకు తన అభ్యర్థుల జాబితాను ప్రకటింపగా, అందులో తాము కోరిన స్థానములు చాలవరకు పోయినవని కమ్యూనిస్టులు మొదలగు మిత్రపక్షములవారు కోయంబేటిలోని డి.ఎం.డి.కె. కార్యాలయమున సమావేశమై, మూడవ కూటమిని గట్టుదమా యని ఆలోచించిరి. చేతిలో పదిశాతము ఓట్లున్న నాయకుడు, చుట్టును కమ్యూనిస్టులు, వెలుపల కూటమినుండి త్రోయబడుచున్న వైగో; ప్రత్యామ్నాయమని దేనికొరకు జనము తనకు ఓటు వేసెనో ఆ ప్రత్యామ్నాయమే తన గుమ్మమునకు వచ్చి నిలిచిన వేళ యది. జయలలిత జాబితాను సవరించెను. విజయకాంత్ ఆమె వెంటనే యుండిపోయెను. అతని రాజనీతిలో గురుతరమైన తప్పు ఆ దినములలోనే జరిగినదని, తరువాతివన్నియు దాని సంతానమేయని నేననుకొందును.

ఫలితములు కన్నులు మిరుమిట్లు గొలుపునట్లు వచ్చినవి. అన్నా డి.ఎం.కె.కు 150, డి.ఎం.డి.కె.కు 29, డి.ఎం.కె.కు 23 స్థానములు లభింపగా, కరుణానిధి పక్షము మూడవ స్థానమునకు జారి, రిషివందియమునుండి గెలిచిన విజయకాంత్ ప్రతిపక్ష నాయకుడయ్యెను. మధుర మధ్య నియోజకవర్గము, తిరుప్పరంకుండ్రము, విరుదునగరము, ఈరోడు తూర్పు, కోయంబత్తూరు చెంత సూలూరు మొదలగునవి అతని పక్షమునకు వచ్చినవి. ఊరేగింపుల సందడిలో ఎవరును గమనింపనిది ఒకటి కలదు: రాష్ట్రమంతటి లెక్కలో డి.ఎం.డి.కె. వాటా 8 శాతమునకు లోపుగనే యుండెను. అన్ని స్థానములలో ఒంటరిగా పోటీచేసి తెచ్చుకొన్న 8 శాతమునకును, 41 స్థానములలో పరుల జెండాలతో కలిసి తెచ్చుకొన్న 8 శాతమునకును పోలిక లేదు. రెండవదానిలో అధికభాగము జయలలితవి. ఎరువుల సొమ్ము బరువుల చేటని పెద్దలన్నది నగలనుగూర్చియే అయినను శాసనసభ ఆసనములకును చెల్లినది. ప్రభుత్వమును నిలదీయవలసిన కుర్చీని ఆ ప్రభుత్వమే యిచ్చియున్నప్పుడు అందు కూర్చున్నవాని స్థితి యెట్టిదో ఊహింపవచ్చును.

ఆరు మాసములైన నిలువలేదు ఆ చెలిమి. అక్టోబరులో జరిగిన స్థానిక సంస్థల ఎన్నికలలో డి.ఎం.డి.కె. వేరుపడి కమ్యూనిస్టులతో కలిసి పోటీచేసి దెబ్బతినెను. నవంబరులో ప్రభుత్వము పాల ధరను, బస్సు చార్జీలను ఒక్కమారుగా పెంచెను. ఏ ప్రతిపక్ష నాయకునకైనను ఇంతకంటె యోగ్యమైన సందర్భము దొరకదు. 2012 ఫిబ్రవరి మొదటి దినమున సభలో ఆ విషయముపై వాదము చెలరేగి, విజయకాంత్ ఆగ్రహమునకు లోనై వ్రేలు చూపి నాలుక కరచి గద్దింపగా, పాల ధర మరుగునపడి వ్రేలును నాలుకయు చర్చకు వచ్చినవి. పదిదినములపాటు అతడు సభనుండి బహిష్కృతుడయ్యెను. ఇట్టి పక్షముతో పొత్తు పెట్టుకొన్నందుకు సిగ్గుపడుచున్నానని, చేతనయిన రానున్న శంకరన్‌కోవిల్ ఉపయెన్నికలో ఒంటరిగా పోటీచేయుమని జయలలిత సవాలు విసరెను. అతడు ఆ సవాలు స్వీకరించెను. అధికార పక్షము మంత్రివర్గమునంతను దించిన ఆ యెన్నికలో డి.ఎం.డి.కె. అభ్యర్థి డిపాజిట్టు కోల్పోయి, ఆ సీమ బిడ్డయగు వైగో నిలిపిన అభ్యర్థికిని వెనుకబడెను. ప్రత్యర్థి ఎన్నుకొన్న స్థలమున, ప్రత్యర్థి ఎన్నుకొన్న వేళ, ప్రత్యర్థి ఎన్నుకొన్న ఆయుధముతో యుద్ధమునకు దిగుట శౌర్యమనిపించుకొనునేమో గాని రాజనీతి యనిపించుకొనదు.

అటుపిమ్మట ఆ కుర్చీయే అతనికి సంకెల యయ్యెను. 234 మంది సభ్యులు గల సభలో ప్రతిపక్ష హోదాకు పదవవంతు, అనగా 24 మంది యుండవలెను. 2012 అక్టోబరులో మధుర మధ్య సభ్యుడు సుందర్‌రాజన్ మరియొకరితో కలిసి ముఖ్యమంత్రిని దర్శించి, నియోజకవర్గపు పనులకై వచ్చితిమని చెప్పెను. పిమ్మట ఒకరి వెనుక నొకరుగా విరుదునగరపు పాండియరాజన్ మొదలుగాగల పలువురు అదే త్రోవను బోయిరి. వారు పక్షమును వీడలేదు గనుక ఫిరాయింపుల నిరోధక చట్టము వారిని తాకదు. నాయకుడు వారిని వెళ్లగొట్టినచో తన లెక్కయే తగ్గి హోదా పోవును. వెళ్లగొట్టకున్నచో సభలో దినదినమును పరిహాసము. 2013లో రాజ్యసభ ఎన్నికకు డి.ఎం.డి.కె. అభ్యర్థిని నిలుపగా 22 ఓట్లే పడి, డి.ఎం.కె. అభ్యర్థిని కనిమొళి గెలిచినది. పన్రుట్టి రామచంద్రన్ ఆ యేటి చివర శాసనసభ్యత్వమునకును రాజీనామా యిచ్చి తొలగెను. విజయకాంత్ సభకు వచ్చుటయే అరుదయ్యెను; వెలుపలి సభలలో గర్జించుచు, లోపలి ఆసనమును ఖాళీగా విడిచెను. తుదకు 2016 ఫిబ్రవరిలో, ఎన్నికలు మూడు నెలలున్నవనగా, అసమ్మతులు ఎనమండుగురు రాజీనామా చేయుటతో బలము 20కి తగ్గి హోదాయు పోయినది.

ఆ అయిదేండ్లలో అతడేమి చేయవలసియుండెనని అడుగువారు కోయంబత్తూరు పోయి అడుగవలెను. 2012 సంవత్సరమున తమిళనాట విద్యుత్తు కోత దినమునకు పది గంటలు దాటిన మాసములు కలవు. పంపుసెట్లు, లేతు యంత్రములు, నూలుమిల్లులు, ఇనుము పోత పనులు అన్నింటికిని కరెంటే ప్రాణమైన ఆ నగరమున చిన్న కార్ఖానాలు మూతపడి, పనివారు స్వగ్రామములకు మరలిపోయిరి. తెలుగువారి పెట్టుబడియు తెలుగువారి చెమటయు కలిసియున్న నగరమది: జి.డి. నాయుడు మోటారును నిర్మించినదియు, కుప్పుసామి నాయుడు లక్ష్మీ మిల్లును స్థాపించినదియు, దేవాంగులు మగ్గములు నిలిపినదియు అక్కడనే. 29 మంది సభ్యులుగల ప్రతిపక్ష నాయకుడు యూనిటు ధరలను, నిలిచిపోయిన విద్యుత్కేంద్రములను, బాకీలను అంకెలతో చేతబట్టి, ప్రశ్నోత్తరముల సమయమున నెల తరువాత నెల అడిగియుండినచో, 10 శాతము 15 కాదగిన కాలమది. శ్రమతో గూడిన, చప్పట్లు రాని పని యది. నటునకు చప్పట్లులేని పని నచ్చదనుట తేలిక. నేనట్లనను, ఏలయన అతడు నటీనటుల సంఘమున ఋణపత్రములతో కుస్తీపట్టి జయించినవాడు. ఆ ఓపిక శాసనసభకు తేలేదు.

విద్యుత్తు అనగనే ఆ మండలమున జ్ఞప్తికి వచ్చు పేరు నారాయణసామి నాయుడు. 1970లో రైతుల పంపుసెట్ల విద్యుత్తు యూనిటుకు 8 పైసలనుండి 10 పైసలకు పెంచినప్పుడు మొదలైన ఆ యుద్యమము, 1972లో వేల ఎడ్లబండ్లు కోయంబత్తూరు వీధులను దిగ్బంధించుటతో పరాకాష్ఠనందినది. పోలీసు కాల్పులలో రైతులు మరణించిరి. ఏ పక్షమునకును చెందనందుననే అన్ని పక్షములును ఆయనకు భయపడినవి. ఊరిలోనికి అధికారులు జప్తునకు రాగూడదని పొలిమేరలలో పలకలు నాటించినవాడు, ముఖ్యమంత్రులను తన గుమ్మమునకు రప్పింపగలవాడు, 1982లో తన రైతు సంఘమును రాజకీయ పక్షముగా మార్చెను. అంతవరకు సంఘమున కూర్చున్న డి.ఎం.కె. రైతును, అన్నా డి.ఎం.కె. రైతును, కాంగ్రెసు రైతును ఆ నిర్ణయము మూడు దిక్కులకు పంపినది. 1984 డిసెంబరులో ఎన్నికల ప్రచారమునందుండగా కోవిల్పట్టిలో ఆయన కన్నుమూసెను. ఎన్నికలలో గెలువనివాడుగా ఆయనను తలచుకొనుట అన్యాయము. కాని వెలుపల నిలుచుటయందే యున్న తన బలమును లోపలికి మోసికొనిపోయిన తొలివాడు ఆ సీమలో ఆయనయే.

విజయకాంతుని కథకు మరలుదము. 2014లో భారతీయ జనతా పక్షపు కూటమిలో చేరి 14 లోక్‌సభ స్థానములకు పోటీచేసి అన్నింటను ఓడెను. ఓటు 5 శాతమునకు దిగినది. అయినను 2016 వచ్చునప్పటికి రెండు పెద్ద పక్షములలో నొకటి అతనిని బ్రతిమాలుచునేయుండెను, ఏలయన గెలుపోటముల నడుమ అంతరము స్వల్పమని కరుణానిధికి తెలియును. ఫిబ్రవరి 20న కాంచీపురము చెంత జరిగిన మహాసభలో తాను రాజు కావలెనా, రాజును చేయువాడు కావలెనా యని విజయకాంత్ జనమునడిగెను. రాజే యని జనము కేకలు వేసినది. తాను చేయవలసిన నిర్ణయమును కేకలకు విడిచిపెట్టిన నాయకుని చూచి నవ్వుకొనని ప్రత్యర్థి యుండడు. పండు పక్వమైనది, పాలలో పడనున్నదని కరుణానిధి ఆశ వెలిబుచ్చెను. మార్చి 10న ఒంటరి పోటీయని అతడు ప్రకటించెను. మార్చి 23న, అనగా రెండు వారములైన గడువకముందే, వైగో సమన్వయకర్తగానున్న ప్రజాసంక్షేమ కూటమితో చేయి కలిపి ముఖ్యమంత్రి అభ్యర్థి యయ్యెను. డి.ఎం.కె.తో పోవలెనన్న అనుచరులు, ఈరోడు తూర్పు సభ్యుడు చంద్రకుమార్ మొదలగువారు, చీలి వేరు కుంపటి పెట్టి కరుణానిధిని చేరిరి. ఆ చంద్రకుమారే 2025 ఉపయెన్నికలో అదే స్థానమునుండి డి.ఎం.కె. సభ్యుడుగా గెలిచినాడు.

2011లో గుమ్మమునకు వచ్చిన మూడవ కూటమిని కాదని, సరిగా అయిదేండ్ల తరువాత దానినే వెదకికొనిపోయినాడనుట. అప్పుడు చేతిలో 10 శాతముండెను, ఇప్పుడది లేదు. అప్పుడు కంఠము ఖంగున మ్రోగుచుండెను. ఇప్పుడు అనారోగ్యమున మాట తడబడుచుండెను, ఆ తడబాటును పరిహసించిన దృశ్యఖండములు ప్రతి చరవాణిలోను తిరుగుచుండెను. ఒక మనుష్యుని రోగమును ఎన్నికల ఆయుధము చేసినవారిని నేను క్షమింపలేను. అయితే ఆ దేహస్థితిలో అతనిని ముఖ్యమంత్రి పీఠమునకు అభ్యర్థిగా నిలిపి ఊరూర త్రిప్పిన స్వజనమును, మిత్రులను మెచ్చుకొనజాలను. 104 స్థానములలో డి.ఎం.డి.కె.కు ఒక్కటియు రాలేదు. ఓటు రెండున్నర శాతమునకు లోపు. ఉళుందూరుపేటలో నాయకుడే మూడవవాడై డిపాజిట్టు కోల్పోయెను. రెండు పెద్ద కూటముల నడుమ అంతరము ఒక శాతము చుట్టుప్రక్కలనే యుండుటచేత, జయలలిత మరల ముఖ్యమంత్రి యగుటకు ఈ మూడవ కూటమియే తోడ్పడినదని డి.ఎం.కె.వారు నేటికిని దెప్పుదురు.

ప్రతిపక్ష నాయకుడు తన స్థానమునే కోల్పోవుట ఒక్క తమిళనాటి వింత కాదు. కెనడాలో కన్సర్వేటివ్ పక్షనాయకుడు పియెర్ పొయిలియేవ్ రెండేండ్లకు పైగా ప్రధాని జస్టిన్ ట్రూడోపైనను, ఇంధనముపై వేసిన కార్బన్ పన్నుపైనను తన ప్రచారమంతయు నిర్మించి, 2025 జనవరి నాటికి అభిప్రాయసేకరణలలో 20 శాతమునకు మించిన ఆధిక్యముతో నుండెను. ట్రూడో తొలగుదునని ప్రకటించెను. మార్చిలో మార్క్ కార్నీ ప్రధానియై తొలిదినముననే ప్రజలపై నున్న ఆ పన్నును రద్దుచేసెను. అమెరికా అధ్యక్షుడు ట్రంపు సుంకములు విధించుచు, కెనడాను తమ రాష్ట్రముగా కలుపుకొందునని పరిహసింపగా దేశపు చింత వేరయ్యెను. ఎవనిని లక్ష్యము చేసికొని బాణములన్నియు చెక్కించెనో వాడు రంగమునందే లేకపోవుటచే, ఏప్రిల్ 28న 41 శాతము ఓట్లు తెచ్చుకొనియు పొయిలియేవ్ ప్రభుత్వమును పొందలేకపోవుటయే కాక, 2004 నుండి ఒటావా ప్రాంతమున తాను గెలుచుచు వచ్చిన స్థానమును పోగొట్టుకొని, ఆగస్టులో ఆల్బర్టానుండి ఉపయెన్నికలో గెలిచి గాని సభలో మరల అడుగుపెట్టలేకపోయెను. తన శక్తియంతయు శత్రువునందు పెట్టి అతడు నష్టపోయెను; మిత్రునియందు పెట్టి విజయకాంత్ నష్టపోయెను. కెనడావానికి మాత్రము పక్షమును ఓటును నిలిచియే యున్నవి, మధురవానికి అవియు మిగులలేదు.

వైగో వేరు జాతి మనుష్యుడు. పార్లమెంటున వాగ్ధాటితో పేరుగొని, 1993లో డి.ఎం.కె.నుండి బహిష్కృతుడైనప్పుడు అయిదుగురు కార్యకర్తలు దేహములను అగ్నికి ఆహుతి చేసికొనునంతటి అభిమానమును చూరగొని, 1994లో ఎం.డి.ఎం.కె.ను స్థాపించినవాడు. కరుణానిధి కుమారుడు స్టాలిన్‌కు దారి సుగమము చేయుటకే తనను వెళ్లగొట్టిరన్నది ఆ పక్షపు జన్మకారణము. 1998లో జయలలితతో, 1999లో కరుణానిధితో, 2001లో ఒంటరిగా. 2002లో తిరుమంగలపు సభలో శ్రీలంక తమిళ పులులకు అనుకూలముగా మాటలాడినాడని జయలలిత ప్రభుత్వము, ఏ చట్టమునకు పార్లమెంటులో తన పక్షము చేయెత్తెనో ఆ ‘పోటా’ అను ఉగ్రవాద నిరోధక చట్టము క్రిందనే అతనిని చెరలో పెట్టగా 577 దినములు వేలూరు కారాగృహమున గడిపి, 2004లో కరుణానిధితో, మరల 2006లో తనను చెరబెట్టిన జయలలితతోనే! 2011లో ఆమె కోరినన్ని స్థానములీయకపోగా ఎన్నికలనే బహిష్కరించెను. ఆత్మాభిమానమని శ్లాఘించినవారుండిరి. ఎన్నికలే వృత్తియైన పక్షము ఎన్నికలను మానుకొన్నచో దాని కార్యకర్త ఆ యేప్రిల్ మాసమంతయు ఏమి చేయవలెను? పొరుగు పక్షపు జెండా పట్టుకొనును. 2016లో, తన కూటమి ముఖ్యమంత్రి పదవికై పోరాడుచుండగా, నామినేషను వేయుటకని కోవిల్పట్టికి వచ్చి, కులకలహములు రేపుటకు కుట్ర జరుగుచున్నదని చెప్పి వేరొకని నిలిపి తొలగిపోయెను. సేనాపతి తొలగిన దినమున సైన్యమునకు ఏమి తోచునో ఆయన యెరుగనిది కాదు. 2019 నుండి ఆయన స్టాలిన్ కూటమివాడు. 2024లో కుమారుడు దురై వైగో తిరుచ్చిరాపల్లినుండి లోక్‌సభకు గెలిచినాడు. వారసత్వమును నిరసించి పుట్టిన పక్షము ఇట్లు వారసునిచేత నిలబడినది.

తెలుగువారు తరచుగా అడుగు ప్రశ్న యొకటి మిగిలినది: వీరు మనవారు గదా, మనకేమి చేసిరి? ఈ ప్రశ్న విజయవాడలో అడిగినంత సులువుగా విరుదునగరములో ఎవ్వరు నడుగరు. విజయకాంత్ తన చలనచిత్ర జీవితమంతయు తమిళ చిత్రములందే గడపెను. జ్యేష్ఠపుత్రునకు ఈలపు పులుల నాయకుని పేర ప్రభాకరన్ అని పెట్టెను. వైగో 1989లో రహస్యముగా సముద్రము దాటి శ్రీలంక అడవులలో ఆ నాయకుని కలిసి వచ్చెను. తమిళాభిమానము వారి హృదయమున నిజముగా లేదని యనుట కేవలము దుర్మార్గము. కాని ఇంతచేసినను, 2010 తరువాత తలయెత్తిన తమిళ జాతీయవాదులు వారిని ‘వడుగరు’, అనగా తెలుగువారు, అని వెక్కిరించుట మానలేదు. 2006 నాటి తమిళ బోధన చట్టమువలన తెలుగు పిల్లల మాతృభాషా పాఠము చిక్కులపాలయినప్పుడు, తమ యింటిభాషను గూర్చి మాటలాడిన వెంటనే పరాయివాండ్రమగుదుమను జంకు ఈ నాయకులను విడువలేదని నాకు తోచును. దానికి వారినొక్కరినే నిందింపను. నాలుగు వందల యేండ్లు ఒక నేలను దున్నినవాడు ఆ నేలకు తన భక్తిని ప్రతి ఎన్నికలోను రుజువు పరచుకొనవలసివచ్చుట ఏపాటి న్యాయమో దున్నించుకొన్న సీమయే చెప్పవలెను.

ఈ యిద్దరి కథలును ముడిపడిన చోటు విరుదునగరము లోక్‌సభ స్థానము. తిరుమంగలము, తిరుప్పరంకుండ్రము ఆ స్థానములోనివే. 2009లో అచ్చట వైగో కాంగ్రెసు అభ్యర్థి మాణిక్కం ఠాకూర్ చేతిలో 15,764 ఓట్ల తేడాతో ఓడెను. ఒంటరిగా నిలిచిన డి.ఎం.డి.కె. అభ్యర్థి పాండియరాజన్‌కు ఆనాడు పడిన ఓట్లు లక్షకు పైచిలుకు. 2014లో డి.ఎం.డి.కె. తోడుండగా వైగో మరల పోటీచేసి, ఈమారు అన్నా డి.ఎం.కె. చేతిలో లక్షకు మించిన తేడాతో ఓడెను. వేరుగా నున్నప్పుడు ఒకరి నొకరు ఓడించుకొన్నవారు, కలిసినప్పుడు ఇద్దరును ఓడిరి. 2023 డిసెంబరు 28న విజయకాంత్ చెన్నపట్టణమున మరణింపగా జనసముద్రము కన్నీరు కార్చినది. మరుసటి నెల భారత ప్రభుత్వము పద్మభూషణ్ ప్రకటించినది. 2024 ఎన్నికలలో అన్నా డి.ఎం.కె. కూటమి డి.ఎం.డి.కె.కు అయిదు స్థానములీయగా, విరుదునగరమున కుమారుడు విజయ ప్రభాకరన్ నిలిచి, అదే మాణిక్కం ఠాకూర్ చేతిలో 4,379 ఓట్ల తేడాతో ఓడెను. ప్రేమలత ఓట్లను మరల లెక్కింపవలెనని కోరిరి. మూడవస్థానమున నిలిచిన భారతీయ జనతా పక్ష అభ్యర్థిని రాధికా శరత్‌కుమార్‌కు లక్షన్నరకు మించిన ఓట్లు పడినవి. ఓడినవానికి పడిన దాదాపు నాలుగు లక్షలలో తండ్రి మరణమునకు కరగిన హృదయములవెన్ని, జయలలిత విడిచిపోయిన రెండాకుల పక్షము తెచ్చి పోసినవెన్ని, 2006లో వలె నగారా గుర్తును చూచియే వేసినవెన్ని యని విడదీసి చూచుకొన్నవారు ఆ పక్షమున ఇంతవరకు కనబడలేదు. మరుసటి కూటమిలో ఎన్ని స్థానములడుగవలెనన్న చర్చ మాత్రము ఆ వారముననే మొదలైనది.